చందమామ బొమ్మలు కత్తిరించి పటం కట్టించుకోవచ్చా?

ఓరుగల్లువాసి: హనుమకొండలో పాత పేపర్ల దుకాణంలో తూకానికి 1960ల నాటి చందమామలు పన్నెండు దొరికాయి. కుట్లు ఊడిపోయాయి. వపా (వడ్డాది పాపయ్య) గారి ముఖచిత్రాలను ఎవరో ముందే చింపుకుపోయారు. లోపల శంకర్ గారి భేతాళ కథల బొమ్మలు మాత్రం బాగున్నాయి. కత్తిరించి పటం కట్టిద్దామనుకుంటున్నాను. తప్పంటారా?

చెట్టుమీది భేతాళుడు: తప్పే. పుస్తకాన్ని చంపి చిత్రకారుణ్ణి మెచ్చుకుంటారా? ఆయన వేసింది గోడకు కాదు, కథకు.

కాజీపేట జంక్షన్: కామిక్స్ విభాగంలో పెట్టారు గానీ, అసలు ఇవి కామిక్స్ కావు. మాటల బుడగలు ఎక్కడున్నాయి? 1964లో ఇంద్రజాల్ కామిక్స్ వాళ్ళు తెచ్చిన ముసుగువీరుడు ఫాంటమ్ కథలు, అవీ కామిక్స్. రే మూర్, సై బారీ, వాళ్ళు కామిక్స్ చిత్రకారులు. ఈ చర్చ వేరే విభాగంలో పెట్టాల్సింది.

నకాశీ: కథ చెప్పడానికి బట్ట మీద వేసే మన చేర్యాల పటానికి బుడగలున్నాయా? ఎర్రటి నేల మీద గడులు గడులుగా కథ నడుస్తుంది, పక్కన నిలబడి చెప్పేవాడి గొంతే బుడగ. ఇప్పుడు ఒక్కో ఘట్టాన్నీ గోడకు సరిపడా చిన్నగా వేసి అమ్ముతున్నారు. అలా కొనేవాళ్ళు ఉండబట్టే కుంచె ఆగలేదు.

కాజీపేట జంక్షన్: పటం వేరు, కామిక్స్ వేరు.

ఓరుగల్లువాసి: భేతాళుడన్నా, ఒక్క బొమ్మ చూడండి. శవం బరువంతా గీతలోనే ఉంది. రాజు భుజం దగ్గర లావుగా మొదలై, వేలాడే వేళ్ళ దగ్గరికి వచ్చేసరికి వెంట్రుకంత అయిపోయింది. శంకర్ గారు 2020లో పోతే 2021లో పద్మశ్రీ ఇచ్చారు. నా గోడ మీదైనా ఆయనకు చోటు ఉండకూడదా? అటక మీద చెదలకు వదిలేసినవాళ్ళే పుస్తకం పవిత్రం అంటారు.

చెట్టుమీది భేతాళుడు: అటక కాదు తమ్ముడూ, నయీంనగర్‌లో కింది గది. 2023 జూలై వరదకు నావి ఇరవై రెండు బైండు పుస్తకాలు ముద్దయ్యాయి. పేజీ పేజీ విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టాను. ఒక బొమ్మ రంగు ఇంకో బొమ్మ మొహానికి అంటుకుంది. చివరికి చెత్త బండికి నా చేతులతోనే ఎత్తిపోశాను. మిగిలినవాటికి మీరు కత్తెర పెడతానంటే నోరు మూసుకోవాలా?

నకాశీ: గోడ మీద ఉంటే మిగిలేవి కదా సార్.

చెట్టుమీది భేతాళుడు: మిగిలేవి, కథ లేకుండా! మా అమ్మ కథ చదువుతూ బొమ్మను అరచేత్తో మూసేది. భేతాళుడు ప్రశ్న అడిగాకే చెయ్యి తీసేది. ఆ చెయ్యి తీసిన క్షణాన్ని ఏ ఫ్రేములో బిగిస్తారు?

కాజీపేట జంక్షన్: విభాగం సంగతి ఎవరూ తేల్చలేదు.

ఓరుగల్లువాసి: అన్నా, వరద సంగతి తెలియక అన్నాను, క్షమించండి. కానీ నాకు కథ చదివి వినిపించినవాళ్ళు లేరు. బొమ్మలే చూస్తూ పెరిగాను. రాత్రి కత్తెర తీసి పేజీ తిప్పి చూస్తే, వెనుక ఇంకో కథకు చిత్రా గారు వేసిన బొమ్మ ఉంది. 1947లో పత్రిక మొదలైన నాటి మనిషి. ఇద్దరిలో ఎవరి మొహం గోడకు తిప్పాలి?