మేలో అమ్మతో బోటింగ్: కొడైకెనాలా, పాంగాంగా?

కూకట్‌పల్లి_శీను: అమ్మకు 61. ఈ మేలో హైదరాబాద్ ఎండ తప్పించుకుని కొండ మీద సరస్సు, బోటింగ్ అనుకుంటున్నాం. నేను కొడైకెనాల్ అంటున్నా, తమ్ముడు లడాఖ్‌లో పాంగాంగ్ అంటున్నాడు. ఏది నయం?

మల్కాజిగిరి_మామ: కళ్లు మూసుకుని కొడైకి వెళ్లు. పాంగాంగ్‌లో టూరిస్టులకు బోటింగే లేదు. చైనా సరిహద్దు, అక్కడ తిరిగేవి ఆర్మీ పడవలు. మీ తమ్ముడికి ఆ ముక్క తెలుసా?

మంచుకొండ: కొడైది సరస్సెలా అవుతుంది? 1863లో మదురై కలెక్టర్‌గా చేసిన లెవింజ్ కట్ట వేయించిన చెరువు. ఎత్తు 2,100 మీటర్లు. పాంగాంగ్ 4,200 పైనే. పొద్దున ఒక నీలం, మధ్యాహ్నం ఇంకో నీలం, మబ్బు పడితే బూడిద. ఉప్పు నీళ్లే, అయినా చలికాలం గడ్డకడుతుంది. హంస బొమ్మ పడవ తొక్కేవాళ్లకు ఇవేం తెలుస్తాయి?

మల్కాజిగిరి_మామ: మనిషి కట్టిస్తే సరస్సు కాదా? హుస్సేన్‌సాగర్ కుతుబ్‌షాహీల కాలంలో కట్టించిందే. దాన్నేమంటావ్?

మంచుకొండ: దాని గట్టు పేరే ట్యాంక్‌బండ్. ట్యాంక్ అంటే చెరువు. మీరే ఒప్పుకున్నారు.

వేణు77: కొడై, ఊటీలకు బండికి ఆన్‌లైన్‌లో తీసే ఈ-పాస్ మర్చిపోకండి. 2024 మేలో మద్రాస్ హైకోర్టు ఆర్డర్‌తో మొదలైంది. మేం లేకుండా వెళ్లి చెక్‌పోస్టు దగ్గర గంట నిలబడ్డాం, పాప వాంతులు.

మల్కాజిగిరి_మామ: చెరువో సరస్సో పక్కన పెట్టు తమ్ముడూ. నిరుడు మా బావగారిని పాంగాంగ్ చూపిద్దామని లడాఖ్‌లోని లేహ్ తీసుకెళ్లాం. దిగిన సాయంత్రం బజారంతా తిరిగాం. రాత్రికి తలనొప్పి, ఆయాసం, ఆక్సిజన్ సిలిండర్. మూడో రోజు వెనక్కి. పాంగాంగ్ చూసిందే లేదు. నీకేం, కుర్రాడివి, ఎన్నైనా చెప్తావ్.

మంచుకొండ: దిగిన రోజే తిప్పింది మీరు. లేహ్ 3,500 మీటర్లు, అక్కడ రెండు రోజులు రెస్ట్ తీసుకోవాలి. ఎత్తుకు వచ్చే జబ్బు 25 ఏళ్లవాడినీ పడగొడుతుంది. తప్పు వయసు మీదికి తోయకండి.

మల్కాజిగిరి_మామ: పెద్దవాళ్ల ప్రాణాలతో ఆటలా? ఆ వయసుకు గట్టు మీద బెంచీ చాలు.

మంచుకొండ: ఎవరికి చాలు? నాకు 67. పోయిన జూన్‌లో మా అబ్బాయి వాళ్లు పాంగాంగ్ వెళ్లొచ్చారు. నన్ను అడగలేదు, డాక్టర్నీ అడగలేదు. ‘మీకెందుకు నాన్నా శ్రమ’ అని ఇంటి తాళాలు, కుక్కను అప్పజెప్పి పోయారు. వీడియో కాల్‌లో చూపించారు, సిగ్నల్ లేక నీలం గళ్లుగళ్లుగా కనబడింది. శీనూ, అమ్మగారిని అడిగావా?

కూకట్‌పల్లి_శీను: లేదు సార్.

మల్కాజిగిరి_మామ: అయ్యో, తమ్ముడూ అనేశాను, ఏమనుకోకండి సార్. బీపీ ఉందా?

మంచుకొండ: ఉంది. మాత్ర వేసుకుంటా.

కూకట్‌పల్లి_శీను: ఇప్పుడే అడిగా. ఫొటో చాలాసేపు చూసింది. అక్కడ అన్నం దొరుకుతుందా అంటోంది. తమ్ముడు ఎగురుతున్నాడు.

మల్కాజిగిరి_మామ: ముందు డాక్టర్‌కి చూపించు. కొడై ఈ-పాస్ కూడా తీసి ఉంచు.