సీఎంసీ ప్లేట్‌లో వలయం వస్తుంది, వరిగడ్డి నుంచి చక్కెర వస్తలేదు

ప్రశ్న (ఎమ్మెస్సీ బయోటెక్, హైదరాబాద్):
అన్నలూ, అక్కలూ, బాసిలస్ సబ్టిలిస్ బాక్టీరియాలోని ఎండోగ్లూకనేజ్ (సెల్యులోజ్‌ను కోసే ఎంజైమ్) జీన్‌ను ఇ. కోలై బీఎల్21 (ల్యాబ్‌ల ప్రోటీన్ చేయించే బాక్టీరియా రకం)లో పెట్టిన. సీఎంసీ (కరిగేటట్టు మార్చిన సెల్యులోజ్) ప్లేట్ మీద, సెల్యులోజ్‌కు పట్టే కాంగో రెడ్ రంగు పోసి ఉప్పునీళ్లతో కడిగితే కాలనీల చుట్టూ వలయం మంచిగ కనబడుతుంది. ఘట్‌కేసర్ దిక్కు పొలం నుంచి తెచ్చిన గడ్డి పొడి అదే కల్చర్‌ల వేసి డీఎన్‌ఎస్ (చక్కెరను రంగుతో చూసే టెస్ట్) చేస్తే మాత్రం రంగే మారుతలేదు. జీన్ పనిచేస్తలేదా?

జవాబు 1:
పనిచేస్తోంది తమ్ముడూ, వలయం వచ్చిందంటే ఎంజైమ్ ఉన్నట్టే. కానీ సీఎంసీ నీళ్లలో కరిగే సెల్యులోజ్. గడ్డిలోది గట్టిగా పేరుకుని, లిగ్నిన్, హెమిసెల్యులోజ్ అనే వేరే పదార్థాల మధ్య ఇరుక్కుని ఉంటుంది. నీ ఎంజైమ్ గొలుసును మధ్యలో తెంపుతుందంతే. కొసల నుంచి రెండేసి గ్లూకోజ్‌లుగా కోయడానికి సెల్లోబయోహైడ్రోలేజ్, ఆ జంటను (సెల్లోబయోజ్) విడదీయడానికి బీటా గ్లూకోసిడేజ్ కావాలి. జంటలు పేరుకుపోతే కోత కూడా మందగిస్తుంది.

నాకు ఎక్కువ అనుమానం మాత్రం ఇంకోచోట. బతికున్న కల్చర్‌లోనే గడ్డి వేశావు కదా, పుట్టిన కాస్త గ్లూకోజ్‌ను ఆ బాక్టీరియానే తినేస్తుంది. పైగా ఇ. కోలై ప్రోటీన్‌ను బయటికి పెద్దగా వదలదు. కణాలను సోనికేట్ చేసి (ధ్వని తరంగాలతో పగలగొట్టి), సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైన తేరిన ద్రవాన్నే గడ్డి మీద వాడు, 50 డిగ్రీల దగ్గర. అదే ద్రవాన్ని ఎంజైమ్ పనిచేయకుండా మరగబెట్టి, పోలిక కోసం పక్కన కంట్రోల్‌గా పెట్టడం మాత్రం తప్పనిసరి.

జవాబు 2:
గడ్డిని ముందు ఉడికించారా? 2 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో వేసి 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేయండి. లిగ్నిన్ డికాక్షన్ రంగులో దిగుతుంది. ఆ రంగు పోయి పీహెచ్ 7కి వచ్చేదాకా కడగాలి, లేకపోతే డీఎన్‌ఎస్ రీడింగే తప్పుతుంది. 2022లో మొదలైన ఇండియన్ ఆయిల్ పానిపట్ ఇథనాల్ ప్లాంట్‌లో కూడా వరిగడ్డిని ముందు సిద్ధం చేశాకే ఎంజైమ్ కలుపుతారు, సిద్ధం చేయని గడ్డి మీద ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్స్ అన్నా, మేడమ్. బీటా గ్లూకోసిడేజ్ జీన్ కూడా క్లోన్ చేయాల్నా? టైమ్ లేదు.

జవాబు 1:
వద్దు. ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు నుంచి తీసిన ఎంజైమ్ కొనుక్కుని కలుపు. డీఎన్‌ఎస్ సెల్లోబయోజ్‌కూ రంగిస్తుంది కాబట్టి గ్లూకోజ్ ఒక్కటే తేల్చడానికి, రక్తంలో షుగర్ చూసే గాడ్-పాడ్ కిట్ వాడు. ఐపీటీజీ (జీన్‌ను ఆన్ చేసే రసాయనం) వేశాక 37 కాకుండా 20 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచు, ప్రోటీన్ ముద్దకట్టడం తగ్గుతుంది. వాడేసిన కల్చర్ సింక్‌లో పోయకు, ఆటోక్లేవ్ చేశాకే పారబోయి.