ఇంట్లోనే స్కానింగ్ చేసుకునే పరికరం తెప్పించుకోవచ్చా?

పాకాల కోడలు:
నాకు ఏడో నెల. పాకాల దగ్గర పల్లెలో ఉంటాం, చెకప్‌కి తిరుపతి పోవాలి. పోయినసారి బీపీ కొంచెం ఎక్కువుందని పదిహేను రోజులకోసారి రమ్మన్నారు. బస్సు కుదుపులకి నడుము పట్టేస్తోంది. మా ఆడపడుచు ఇజ్రాయెల్‌లో ఉంటుంది. అక్కడ ఫోన్‌కి తగిలించి పొట్ట మీద జరుపుకుంటే బొమ్మ నేరుగా డాక్టర్‌కి వెళ్ళే పరికరం ఉందట, తెస్తానంటోంది. తెప్పించుకోవచ్చా? లేదంటే బిడ్డ గుండె చప్పుడు వినడానికి ఆన్‌లైన్‌లో దొరికే డాప్లర్ చాలా? రాత్రిపూట బిడ్డ కదలకపోతే చాలా టెన్షన్‌గా ఉంటోంది.

లేబర్ రూమ్ నర్సు, తిరుపతి:
తల్లీ, నువ్వు చివర్లో రాసిన మాటకే ముందు జవాబు చెప్తాను. కదలిక తగ్గిందనిపిస్తే ఏ మెషినూ పెట్టి చూసుకోవద్దు. ఎడమ పక్కకి తిరిగి పడుకుని, ధ్యాసంతా పొట్ట మీదే పెట్టు. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే తెల్లారేదాకా ఆగకు, 108కి ఫోన్ చేసి వచ్చెయ్. రోజూ ఉండేదానికంటే బాగా తగ్గిందని తెలిసిపోతుంటే ఆ రెండు గంటలు కూడా వద్దు. ఊరికే వచ్చావని ఎవరైనా అంటారేమోనని మొహమాటపడకు.

డాప్లర్‌లో బొమ్మ ఉండదు, చప్పుడు ఒక్కటే. మేం పెట్టేటప్పుడు ఒక చేత్తో తల్లి నాడి పట్టుకుని వింటాం. మాయలో రక్తం పారే హోరు, తల్లి రక్తనాళాల చప్పుడు కూడా అందులో వినిపిస్తాయి మరి. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. భయపడిన తల్లి నాడి కూడా 120కి పోతుంది. డబ్బా మీద 120 అని పడితే అది ఎవరిదో నీకెలా తెలుస్తుంది? పైగా గుండె కొట్టుకుంటున్నా లోపల బిడ్డ నీరసిస్తూ ఉండొచ్చు. ఆ చప్పుడు విని ధైర్యంగా పడుకుని, ఆలస్యంగా వచ్చినవాళ్ళని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇక ఆడపడుచు చెప్పేది. ఇజ్రాయెల్‌లో పల్సెన్‌మోర్ అనే కంపెనీ అలాంటిది చేస్తోంది. కానీ అక్కడ బొమ్మ చూసి చెప్పే డాక్టర్ అవతల ఉంటారు. ఇక్కడ నీకు ఎవరు చూస్తారు? చట్టం కూడా ఒప్పుకోదు. ఆడపిల్లలని కడుపులోనే చంపేస్తున్నారని 1994లో తెచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం, స్కానింగ్ మెషిన్ చిన్నదైనా పెద్దదైనా రిజిస్టరైన చోటే ఉండాలి. ఇంట్లో పెట్టుకుంటే కేసవుతుంది. వద్దని చెప్పేసెయ్.

చంద్రగిరి అన్న:
అమ్మా, మా ఇంట్లో ఆమెకీ బీపీ వచ్చింది. డాక్టరమ్మ బీపీ మెషిన్ కొనుక్కోమన్నారు. పొద్దున, సాయంత్రం చూసి క్యాలెండర్‌లో ఆ తేదీ పక్కనే రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపేవాళ్ళం. ఒకసారి పెరిగితే ఆమే ఫోన్ చేసి వెంటనే రమ్మన్నారు. మీ డాక్టర్‌ని అడిగి చూడండి.

పాకాల కోడలు:
అక్కా, అన్నా, థాంక్స్. ఆడపడుచుకి వద్దని మెసేజ్ పెట్టాను. బీపీ మెషిన్ ఏది కొనాలి?

లేబర్ రూమ్ నర్సు, తిరుపతి:
మోచేతి పైన కట్టేది తీసుకో, మణికట్టుది వద్దు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టి చూసుకో. మొదటిసారి చెకప్‌కి తీసుకెళ్ళి వాళ్ళ మెషిన్‌తో సరిచూపించుకో. 140/90 దాటితే ఆ రోజే డాక్టర్‌కి చెప్పు. 160/110 వచ్చినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా, పొట్ట పైభాగంలో నొప్పొచ్చినా ఫోన్లు చేస్తూ కూర్చోకు, బయల్దేరు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు, మీ ఆశా కార్యకర్తని అడుగు. తిరుపతి దాకా కొన్ని ప్రయాణాలైనా తగ్గుతాయి.