తలేహ్ ఎవరిది? 1960 సరిహద్దుదా, అక్కడి జనానిదా?

గల్ఫ్_శ్రీను:
సోమాలియా ఉత్తరాన సూల్ ప్రాంతంలో తలేహ్ అనే చిన్న పట్టణం ఉంది. బ్రిటిష్ వాళ్లను ఇరవై ఏళ్లు ఎదిరించిన సయ్యద్ మొహమ్మద్ అబ్దుల్లా హసన్ కోటలు కట్టుకున్నది అక్కడే. 1920లో విమానాలు బాంబులు వేస్తే ఆయన అనుచరులైన దర్వీషుల రాజ్యం కూలింది. ఇప్పుడు ఆ ఊరు మాదంటే మాదని సోమాలిలాండ్ (సోమాలియా నుంచి విడిపోయి వేరే దేశమని ప్రకటించుకున్నది), పుంట్‌లాండ్ (సోమాలియాలోనే స్వయంపాలన ఉన్న రాష్ట్రం), ఎస్‌ఎస్‌సీ-ఖాతుమో (సూల్ చుట్టుపక్కల స్థానికులు పెట్టుకున్న పాలన) గొడవ పడుతున్నాయి. నా మాట సూటిగా చెప్తాను. 1960 జూన్ 26న బ్రిటిష్ సోమాలిలాండ్ స్వతంత్రమైనప్పుడు తలేహ్ ఆ సరిహద్దు లోపలే ఉంది. కాబట్టి హక్కు హర్గీసా ప్రభుత్వానిదే, అంటే సోమాలిలాండ్‌దే. స్వాతంత్ర్యం నాటి సరిహద్దులనే గౌరవించాలని 1964లో కైరోలో ఆఫ్రికా దేశాలు కూడా తీర్మానించాయి.

పాతపుటలు:
విమానాలతో కూలిందనడం తప్పు శ్రీను గారూ. వచ్చినవి 12 డీహెచ్-9లు. వాటి దెబ్బకు దర్వీషులు చెదిరిపోయారు, నిజమే. కానీ తలేహ్ రాతి గోడలను ఆ బాంబులు కూల్చలేకపోయాయి. ఊరిని పట్టుకున్నది నేల మీద వచ్చిన ఒంటెల దళం, స్థానిక సాయుధులు. ఆ దండయాత్రలో మన 101వ గ్రెనేడియర్ల సైనికులూ ఉన్నారు.

గల్ఫ్_శ్రీను:
నేను అడిగింది సరిహద్దు గురించి. విమానాల గురించి కాదు.

శబరి_తీరం:
సరిహద్దు సంగతే మాట్లాడదాం. అక్కడ ఎక్కువగా ఉండేది ధుల్‌బహాంతె తెగ. సోమాలిలాండ్‌లో ఎక్కువగా ఉండే ఇసాక్ తెగలతో బ్రిటిష్ వాళ్లు రక్షణ ఒప్పందాలు రాసుకున్నారు, వీళ్లతో రాసుకోలేదు. పైగా దర్వీషులకు అండగా నిలిచినవాళ్లలో వీళ్లే ముఖ్యులు. బ్రిటిష్ పాలనకు ఒప్పుకోని జనాన్ని ఆ పాలన గీసిన గీతతోనే ఎలా కట్టేస్తారు?

నాది 2014లో ఆర్డినెన్స్‌తో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రలో కలిపిన ఏడు మండలాల్లో ఒకటి. పోలవరం ముంపు అన్నారు, మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఆ తర్వాత మా నాన్న కుల ధ్రువపత్రం కోసం రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య తిరిగి తిరిగి అలిసిపోయాడు. గీత మారితే బతుకు ఎలా మారుతుందో మాకు తెలుసు.

కోనసీమ_కుర్రాడు:
భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరిలోదే కదా. పాత హద్దు చూస్తే మీ మండలాలు సరైన చోటికే వచ్చాయి.

శబరి_తీరం:
పాత హద్దు ఎవరు చూడమన్నారు? మమ్మల్ని అడిగారా లేదా అన్నదే నా ప్రశ్న.

మోడరేటర్:
మండలాల గొడవకు వేరే చర్చ పెట్టుకోండి. ఇక్కడ తలేహ్ గురించే రాయండి.

గల్ఫ్_శ్రీను:
జనాన్ని అడగలేదు అనడం అబద్ధం. 1991 మేలో బురావో సభకు ధుల్‌బహాంతె పెద్దలు వచ్చారు. వాళ్ల గరాద్ (తెగ పెద్ద) అబ్దిఖానీ కూడా సంతకం చేశారు. సోమాలిలాండ్ ప్రకటన అక్కడే జరిగింది. సంతకం పెట్టి తర్వాత కాదంటే ఎలా?

శబరి_తీరం:
అదే తెగ పెద్దలు 1998లో పుంట్‌లాండ్ రాజధాని గారోవె వెళ్లి ఆ రాష్ట్రం ఏర్పాటులో కూర్చున్నారు. 2012 జనవరిలో తలేహ్‌లోనే సభ పెట్టి ఖాతుమో రాష్ట్రం ప్రకటించుకున్నారు. నీకు ఒక్క సంతకమే కనబడుతోంది. 2023లో సోమాలిలాండ్ సైన్యం సూల్ ముఖ్య పట్టణం లాస్ అనోద్ మీద నెలల తరబడి ఫిరంగులు పేల్చింది, లక్షకు పైగా జనం ఊరు వదిలి పారిపోయారు. ఆసుపత్రిని కూడా వదల్లేదు. మా పౌరులు అంటూనే వాళ్లపై గుండ్లు వేసే ప్రభుత్వాన్ని వెనకేసుకొస్తావా?

లక్ష్మి_నల్గొండ:
ఇద్దరూ కాస్త తగ్గండి.

గల్ఫ్_శ్రీను:
తగ్గను. దుబాయ్‌లో నాతో పనిచేసిన హర్గీసా మనిషి ఉన్నాడు. 1988లో సోమాలియా నియంత సియాద్ బర్రె విమానాలు హర్గీసా ఎయిర్‌పోర్ట్ నుంచే లేచి అదే ఊరి మీద బాంబులు వేశాయి. అతని ఇంట్లో ముగ్గురు పోయారు. ఆ శిథిలాల మీద వాళ్లు మళ్లీ ఊరు కట్టుకున్నారు, ఎన్నికలు పెట్టుకున్నారు. ఇప్పుడు సూల్ విడిపోతే 1960 సరిహద్దు అన్న వాదనే పోతుంది. అది పోతే గుర్తింపు అడగడానికి వాళ్ల చేతిలో ఏం మిగులుతుంది? మళ్లీ మొగదిషు కిందికే పొమ్మంటారు. తమ ఊరిని కూల్చిన రాజధాని కిందికి వాళ్లను తోయమంటావా?

శబరి_తీరం:
ఈ మాట మొదటి పోస్టులోనే రాయాల్సింది. హర్గీసా వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మొగదిషు కిందికి వాళ్లను బలవంతంగా తోయకూడదని నేనూ అంటాను. అదే న్యాయం తలేహ్ వాళ్లకూ ఉండాలి కదా. హర్గీసాకు గుర్తింపు రావాలంటే తలేహ్ ఇష్టం లేకపోయినా లోపలే ఉండాలి అనడం నాకు మింగుడుపడదు. ఓటు పెట్టండి. సోమాలిలాండా, పుంట్‌లాండా, ఖాతుమోనా అని వాళ్లనే అడగండి.

గల్ఫ్_శ్రీను:
ఓటు ఎవరు పెడతారు? ఓటర్ల జాబితా ఎవరు రాస్తారు? 2023 ఆగస్టులో సోమాలిలాండ్ సైన్యపు గోజాఅదే స్థావరం పడిపోయాక తూర్పు సూల్‌లో తుపాకులు ఖాతుమో చేతిలో ఉన్నాయి. అక్కడ సోమాలిలాండ్‌కు వేస్తానని చెప్పేవాడికి రక్షణ ఎవరు?

శబరి_తీరం:
2007లో హర్గీసా సైన్యం లాస్ అనోద్ పట్టుకుంది. అప్పుడు వద్దు అన్నవాడికి రక్షణ ఎవరిచ్చారు? ఇద్దరి తుపాకులూ బయటికి పోయాకే ఓటు పెట్టమనండి. అప్పటిదాకా 1960 కాగితం చూపించి ఎవరూ ఆ ఊరి మీదికి సైన్యాన్ని పంపకూడదు. ఆ ఒక్క మాటకైనా ఒప్పుకుంటావా, లేదా?

గల్ఫ్_శ్రీను:
సైన్యం వద్దన్న మాటకు ఒప్పుకుంటాను. కాగితం చెల్లదంటే మాత్రం ఒప్పుకోను.