మా బాపు పోతే పద్నాలుగు మంది మిల్లు దోస్తులు వచ్చారు. నాకు అలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారు?

కుమార్‌పల్లి గల్లీ (ప్రశ్న)

అందరికీ నమస్తే. నాకు ముప్పై ఎనిమిదేళ్లు. హైదరాబాద్‌లో పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. బాపు ఆరోగ్యం పాడయ్యాక హన్మకొండకు వచ్చేశాను. కంపెనీ వాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. పెళ్లి కాలేదు. ఇంట్లో అమ్మ, నేను. బాపు ఈ ఏప్రిల్‌లో పోయాడు.

ఆయన వరంగల్ ఆజంజాహి మిల్లులో స్పిన్నింగ్‌లో పనిచేశాడు. 1934లో మొదలైన ఆ మిల్లు 2002లో మూతపడింది. అప్పుడు నేను పదో తరగతి. ఆ తర్వాత బాపు ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాశాడు. మిల్లు గురించి ఇంట్లో పెద్దగా మాట్లాడేవాడు కాదు. అందుకే పదకొండో రోజు పద్నాలుగు మంది ముసలివాళ్లు వచ్చేసరికి నాకు ఏం అర్థం కాలేదు. కరీమాబాద్ నుంచి కొందరు, దేశాయిపేట నుంచి కొందరు. ఒకాయన ఆటో దిగి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. మిల్లు మూతపడి ఇరవై ఏళ్లు దాటింది కదా, ఇంకా ఎలా గుర్తున్నాడు అని అడిగాను. ఆయన ఇలా చెప్పాడు: "రాత్రి షిఫ్టుల నాకు కునుకు వస్తుండె. నా మిషన్ మీద దారం తెగితే మీ బాపు వచ్చి అతికేటోడు. నేను లేచి చూస్తే మిషన్ నడుస్తనే ఉండేది. ఒక్కనాడన్నా ఆ మాట ఎవ్వరికీ చెప్పలేదు."

ఆ రాత్రి నేను నా సంగతి ఆలోచించాను. మా టీమ్‌లో తొమ్మిది మందిమి. జీతాల లెక్కలు చూసే పని. మూడేళ్లుగా రోజూ మాట్లాడుకుంటున్నాం కానీ ఇద్దరి మొహాలే చూశాను, మిగతావాళ్లు కెమెరా ఆన్ చేయరు. నేను కూడా చేయను. రేపు నాకేమైనా అయితే, నా లాగిన్ ఎవరికి ఇవ్వాలని మాత్రం అడుగుతారు.

అమ్మకు ఈ బాధ లేదు. గల్లీలో ఇరవై మంది ఆడవాళ్లున్నారు ఆమెకు. బతుకమ్మ పేర్చేది వాళ్లతోనే, సద్దుల నాడు సత్తుపిండి పంచుకునేది వాళ్లతోనే. మోకాళ్ల నొప్పికి డాక్టర్ దగ్గరికి పోయేది కూడా వాళ్లలో ఒకరిని తోడు తీసుకునే. నా చిన్ననాటి దోస్తులేమో హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్నారు. భద్రకాళి బండ్ మీద నాలుగు నెలలు పొద్దున్నే నడిచాను. రోజూ అవే మొహాలు కనిపిస్తాయి. అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లే. ఒక్కరితో కూడా పరిచయం కాలేదు.

ఈ మధ్య ఇంటి ముందు ఒక ఎర్ర కుక్క వచ్చి పడుకుంటోంది. ఆడకుక్క. రాత్రి పదింటికి నేను లాప్‌టాప్ మూసి బయటికి వస్తే లేచి తోక ఊపుతుంది. పెరుగన్నం పెడుతున్నాను. ఆ రోజు ఏం జరిగిందో దానికి చెప్పుకుంటాను, మనసు కొంచెం తేలికవుతుంది. అది ఉండటం వల్లే ఎదురింట్లో పదో తరగతి పిల్లవాడు మొదటిసారి నాతో మాట్లాడాడు, "అన్నా, దీని పేరేంది?" అని. ఇంకా పేరు పెట్టలేదని చెప్పాను.

నేను అడిగేది ఇదే. ఈ వయసులో, ఈ ఊళ్లో, మనుషులను ఎలా సంపాదించుకోవాలి? యాప్‌లు వద్దు. మీరు నిజంగా చేసింది చెప్పండి.

కాజీపేట జంక్షన్

తమ్మీ, మీ బాపు గురించి చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. నేను లోకో పైలట్‌గా చేసి కాజీపేటలోనే రిటైర్ అయ్యాను. బల్లార్షా లైన్‌లో చాలా ఏళ్లు నడిపాను. ఇంజిన్‌లో ఇద్దరం ఉంటాం. సిగ్నల్ కనబడగానే ఒకరు దాని రంగు బిగ్గరగా చెప్పాలి. రెండోవాళ్లు అదే మాట తిరిగి చెప్పాలి. అది నియమం. రాత్రి రెండింటికి మంచిర్యాల దాటాక బయట చీకటి తప్ప ఏమీ ఉండదు. "గ్రీన్" అని నేనంటే "గ్రీన్" అని పక్క నుంచి వినబడాలి. ఆ ఒక్క మాటతో పక్కవాడు మెలకువగా ఉన్నాడా, జ్వరంతో ఉన్నాడా, ఇంట్లో గొడవపడి వచ్చాడా, అన్నీ తెలిసిపోయేవి. మేం ఒకరి కష్టం ఒకరు చెప్పుకున్నది తక్కువ. కానీ వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నెలకోసారి మా ఇంటికి వచ్చి అన్నం తిని పోతారు.

రిటైర్ అయిన కొత్తలో నీలాగే నడకకు పోయాను. లాభం లేదు. ఎందుకంటే నడక ఒక్కడే నడవొచ్చు. నువ్వు రాకపోతే ఎవరి నడకా ఆగదు, కాబట్టి ఎవరికీ తెలియదు. లెక్క కుదిరితేనే సాగే ఆటలో చేరు.

నేను బాల్ బ్యాడ్మింటన్‌లో చేరాను. పసుపు ఉన్ని బంతి, అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒక్కరు తక్కువైతే ఆట నిలబడదు. అందుకే ఫోన్ చేస్తారు. నీ మీద ప్రేమతో కాదు మొదట్లో, ఐదో మనిషి కావాలి కాబట్టి చేస్తారు. కొన్నాళ్లకు ఆ రెండూ కలిసిపోతాయి. ఈ ఆటకు మన ఊరు చిన్నది కాదు తమ్మీ. జమ్మలమడక పిచ్చయ్య గారు వరంగల్‌లోనే ఉండేవారు. 1970లో ఈ ఆటకు అర్జున అవార్డు తెచ్చిన మనిషి. నూరేళ్లు దాటి బతికి 2021లో పోయారు.

ఇప్పుడు ముసురు కదా, బంతి తడిస్తే బరువెక్కుతుంది, కొన్ని రోజులు ఆట ఉండదు. వాన తెరిపిచ్చాక రా. దోస్తీ కోసం వచ్చానని చెప్పకు. "ఒకరు తక్కువున్నారా?" అని అడుగు, చాలు.

కుమార్‌పల్లి గల్లీ

సార్, నేను బడి వదిలాక బ్యాట్ పట్టలేదు. నా వల్ల మీ ఆట చెడిపోతుందేమో అని టెన్షన్.

కాజీపేట జంక్షన్

మాలో ఒకాయనకు డెబ్బై రెండేళ్లు, ఒక కన్ను సరిగ్గా కనబడదు. ఆయన ఆడుతున్నాడు. పొద్దున ఐదున్నరకు రా.

కొత్తవాడ మగ్గం

అన్నా, మాది కొత్తవాడ. జంపఖానాలు నేస్తాం. మీ ఆఫీసు గురించి రాసింది చదివి నా సంగతి ఒకటి చెప్పాలనిపించింది.

పెద్ద పన్నా, అంటే వెడల్పు ఎక్కువున్న జంపఖానా ఒక్కరు నేసేది కాదు. మగ్గానికి ఈ కొస నేను, ఆ కొస మా అత్తమ్మ. ఆమె పేక (అడ్డంగా నేసే దారం) పంపితే నేను అందుకోవాలి, నేను పంపితే ఆమె అందుకోవాలి. ఇద్దరం ఒకే తీరుగా కొట్టాలి. ఒకరు గట్టిగా, ఒకరు మెల్లగా కొడితే బట్ట ఒక పక్క వంకరపోతుంది. పెళ్లయిన కొత్తలో నాకు చేయి కుదరక ఎన్ని వరుసలు విప్పించిందో లెక్క లేదు.

రెండేళ్ల కింద మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. మా ఆడబిడ్డ పెళ్లి పెట్టుబడి దగ్గర. మూడు వారాలు మాటల్లేవు. కానీ పని ఆపితే డబ్బు రాదు. పొద్దున ఏడింటికి ఇద్దరం వచ్చి చెరో కొసన కూర్చునేవాళ్లం. మొహాలు చూసుకునేవాళ్లం కాదు, పేక మాత్రం అటూ ఇటూ పోయేది. మూడో వారంలో ఒకరోజు నాకు నడుము పట్టేసింది. నేనేమీ అనలేదు. నా చేయి ఆలస్యంగా వస్తోందని ఆమె పసిగట్టి లేచిపోయింది. కాపడానికి ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి తెచ్చింది. "వెనక్కి తిరుగు" అంది. మూడు వారాల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది.

2018లో వరంగల్ జంపఖానాలకు జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లో ఫొటోలు చూసి సంతోషపడ్డాం. కానీ నేను ఈ పని వదలకపోవడానికి కారణం ఆ ఎదురు కొసన కూర్చున్న మనిషి.

మీ ఆఫీసులో చెరో షీట్ చేసి పంపుకుంటారేమో, నాకు తెలియదు. ఒక్క పనైనా ఇద్దరు ఒకేసారి కూర్చుని చేసే వీలుందేమో చూడండి. ఫోన్ కలిపి పెట్టుకుని, మాట్లాడినా మాట్లాడకపోయినా.

చెవి కోత

కుక్క సంగతి ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను. నేను డిగ్రీ చదువుతున్నాను, టీకా ఇంజెక్షన్లకు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు వీధి కుక్కలను పట్టివ్వడంలో సాయం చేస్తుంటాను.

దానితో మాట్లాడితే తేలికగా ఉంటోందన్నారు. అది ఒట్టి ఊహ కాదు. పెంపుడు కుక్క, దాని మనిషి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో ప్రచురించారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోన్ అదే.

కానీ అన్నా, అది మీకు మాత్రమే దోస్తు. గల్లీలో కొందరికి భయం. ఆ భయాన్ని తప్పు పట్టొద్దు. మొదట దాని చెవి చూడండి. చెవి కొన కత్తిరించి ఉంటే ఆపరేషన్, రేబిస్ టీకా అయినట్టు. లేకపోతే మున్సిపాలిటీకి చెప్పి చేయించండి. ఆపరేషన్ అయ్యాక ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి, నియమం అదే. తిండి ఒకే చోట, ఒకే టైమ్‌కు పెట్టండి. పిల్లలు ఆడుకునే చోట, ఇళ్ల గుమ్మాల దగ్గర వద్దు, వీధి కుక్కల గురించి కేంద్రం తెచ్చిన 2023 నియమాల్లో కూడా అదే ఉంది. తిన్నాక ఆ చోటు మీరే కడగండి. గల్లీవాళ్లకు సగం కోపం ఆ మెతుకుల వల్లే వస్తుంది. ఎవరినైనా గీరినా కొరికినా వెంటనే సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు పోవాలి. మొదటి డోసుతో ఆపొద్దు. చెప్పిన తేదీలన్నింటికీ పోవాలి.

ఇంకో మాట. నేను మనుషులకు దూరంగా ఉండాలనే కుక్కల దగ్గరికి వచ్చాను. ఇంట్లో పరిస్థితి అలా ఉండేది. కానీ ఒక కుక్కను పట్టాలంటే ముగ్గురు కావాలి, ఒకరు వల, ఒకరు తిండి, ఒకరు అవతలి సందు మూయడానికి. ఆ ముగ్గురిలో ఇద్దరు ఈ రోజుకీ నా పక్కనే ఉన్నారు. ఎదురింటి పిల్లవాడిని వదులుకోకండి.

కుమార్‌పల్లి గల్లీ (ఏడు వారాల తర్వాత)

అందరికీ జవాబు బాకీ ఉన్నాను.

కాజీపేట గ్రౌండ్‌కు పోయాను సార్. మీరు చెప్పినట్టు అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. బయట బండి మీద కూర్చుని చూసి వచ్చేసేవాణ్ని. ఐదో రోజు ఎవరో కేక వేశారు, "ఓ బండి అన్నా, ఆట వస్తదా?" రాదన్నాను. "నిలబడు" అన్నారు. ఆ రోజు తగిలిన బంతుల కంటే పోయిన బంతులే ఎక్కువ. ఎవరూ ఏమీ అనలేదు. నెలాఖరున జీతాల పని వల్ల రాత్రంతా కూర్చుని పొద్దున పోలేదు. ఆరున్నరకు ఫోన్ వచ్చింది. "ఏమైంది, పాణం మంచిగుందా? నలుగురమే ఉన్నం ఈడ." ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. బాపు పోయాక, నేను ఎందుకు రాలేదని ఇంటి బయటి మనిషి అడగడం అదే మొదటిసారి.

ఆఫీసులో మా టీమ్‌లో ఒకావిడను అడిగాను, ఆఖరి రోజు లెక్కలు కాల్ కలిపి ఇద్దరం కలిసి చూద్దామా అని. ఆవిడది ఒంగోలు. రెండు గంటల్లో పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. మధ్యలో వాళ్ల కుక్కర్ విజిల్ వినబడింది. పని అయ్యాక ఆవిడే కెమెరా ఆన్ చేసి "ఇదిగోండి, నేను ఇలా ఉంటాను" అంది. మిగతా ఐదుగురి సంగతి ఇంకా అలాగే ఉంది.

కుక్కకు ఆపరేషన్ అయింది. చెవి కొన కత్తిరించారు. ఎదురింటి పిల్లవాడే నాతోపాటు వచ్చి రెండు సార్లు చూసి వచ్చాడు. దానికి ఇటుక అని పేరు పెట్టాడు, రంగును బట్టి. ఎంగిలిపూల నాడు అమ్మ గునుగు పూలు కావాలంటే మేమిద్దరం, గల్లీలో ఇంకో ఇద్దరు పిల్లలు బండ్ల మీద హసన్‌పర్తి వైపు పోయి రెండు సంచులు తెచ్చాం. తంగేడు కోసం ఇంకా చాలా దూరం పోవాల్సి వచ్చింది. అమ్మ దోస్తులు నన్ను పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఇన్నాళ్లూ "ఫలానా ఆమె కొడుకు" అనేవాళ్లు.

ఆ మిల్లు పెద్దాయన దగ్గరికి కరీమాబాద్ పోయాను. బాపు మాట్లాడని మిల్లు గురించి మూడు గంటలు చెప్పాడు. మళ్లీ ఆదివారం రమ్మన్నాడు.

కొత్తవాడ చెల్లెమ్మా, ఒక మాట అడగాలి. ఆట అయ్యాక మేం తడి నేల మీదే కూర్చుంటున్నాం. పది మందిమి. గ్రౌండ్‌కు ఒక జంపఖానా కొందామని చందా వేసుకున్నాం. ఎంత సైజు సరిపోతుంది?

కొత్తవాడ మగ్గం

పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు అయితే పది మందికి బాగా సరిపోతుంది అన్నా. రంగు మీరే వచ్చి చూసుకోండి. పదకొండు దాటాక రండి, అత్తమ్మ, నేను ఇద్దరం ఉంటాం. మట్టి కనబడొద్దంటే మెరూన్ తీసుకోమంటోంది ఆమె.