అమ్మానాన్నలతో బ్రైస్ కాన్యన్: కిందికి దిగాలా, పైనుంచి చూస్తే చాలా?

ప్రశ్న (గుంటూరు అబ్బాయి):
అక్టోబర్ రెండో వారంలో అమ్మానాన్నలను లాస్ వేగాస్ నుంచి కారులో యూటాలోని బ్రైస్ కాన్యన్‌కి తీసుకెళ్తున్నాను. నాన్నకి 68, బీపీ మాత్ర వేసుకుంటారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఫొటోల్లో అందరూ ఆ రాతి స్తంభాల మధ్యే నడుస్తున్నారు. కిందికి దిగకపోతే అంత దూరం వెళ్ళి ఏం చూసినట్టు? పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేద్దామని ఆలోచన.

జవాబు (ఫీనిక్స్ నుంచి):
నేను చేసిన తప్పు మీరు చేయకండి. మా అమ్మని మొదటిరోజే నవజో లూప్ అనే, స్తంభాల మధ్యకి దిగే కాలిబాటలోకి దించాను. దిగడం హాయిగానే దిగింది. ఎక్కేటప్పుడు ఆ మెలికల దారిలో ప్రతి మలుపులోనూ కూలబడింది. "పర్లేదురా" అంటుంటే నాకు గుండె తరుక్కుపోయింది. అక్కడ లోయ పైఅంచే 8,000 అడుగుల పైన ఉంటుంది. మన తిరుమల కొండ 3,000 అడుగుల లోపే కదా, గాలి ఎంత పలచనో చూసుకోండి.

మర్నాడు తెల్లవారుజామున సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అంచు మీదే నడిచాం. అర మైలు, చదునైన బాట, చక్రాల కుర్చీ కూడా పోతుంది. చలికి అమ్మ శాలువా తలమీదుగా కప్పుకుంది. ఎండ పడేసరికి కింద స్తంభాలన్నీ నారింజ రంగులోకి తిరిగాయి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బొమ్మల కొలువు పెట్టినట్టుందిరా" అంది. అచ్చం అంతే, మెట్లు మెట్లుగా, వరసలు వరసలుగా. అంత అందం చూడటానికి నేను ముందురోజు ఆవిడ మోకాళ్ళు ఎందుకు అరగదీశానా అనిపించింది.

జవాబు (కడప వాసి):
అక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మా గండికోటని పెన్న కోసింది. బ్రైస్‌ని ఏ నదీ కోయలేదు, పేరుకే కాన్యన్ (నది కోసిన లోయ). ఏడాదిలో దాదాపు సగం రోజులు రాత్రి గడ్డకట్టేంత చలి, పగలు కరిగేంత ఎండ. సున్నపురాయి పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. పైన గట్టి బండ ఉన్నచోట స్తంభం మిగులుతుంది. సన్‌సెట్ పాయింట్ దగ్గర థోర్స్ హామర్ అనే స్తంభం చూడండి, సన్నటి మెడ మీద ఎంత తలకాయో!

నేను వెళ్ళిన ఉదయం బాట పక్క గుంటలో నీళ్ళ మీద అప్పడమంత పల్చటి మంచు పలక కట్టింది. మా నాన్న వేలితో నొక్కితే టక్కున విరిగింది. కొండని చీల్చేది అదేనని అక్కడే చూపించాను.

ఆ నేల పైయూట్ అనే అక్కడి ఆదివాసులది. చెడ్డపనులు చేసిన పూర్వపు మనుషుల్ని కొయోటీ (నక్కలాంటి జంతువు రూపంలోని మాయలవాడు) రాళ్ళుగా మార్చేశాడని వాళ్ళ కథ. మీ అమ్మగారికి చెప్పండి, మన అహల్య కథ గుర్తొస్తుంది.

జవాబు (ఫీనిక్స్ నుంచి):
ఇంకోమాట. వేగాస్ నుంచి వెళ్ళడానికే నాలుగు గంటలు దాటుతుంది. ఒక్కరోజులో తిప్పి తెస్తే నాన్నగారు కార్లోనే అలసిపోతారు. పార్కు దగ్గర్లో రాత్రి పడుకోండి. యూటాలో గడియారం వేగాస్ కంటే గంట ముందుంటుంది, అలారం చూసి పెట్టుకోండి. బయల్దేరేముందు నాన్నగారి డాక్టర్ని ఒకసారి అడగండి.

గుంటూరు అబ్బాయి:
రాత్రి బసకి రూమ్ తీసుకున్నానండీ. శాలువాలు పైకి తీయమన్నాను. బొమ్మల కొలువు మాట మాత్రం అమ్మకి చెప్పను. తనేమంటుందో వినాలి.