తిరుపతిలో చెరువు దిగువ ఇల్లు: ముంపు ప్రాంతమా, బీమా దొరుకుతుందా?

ప్రశ్న
తిరుపతి శివారులో, చెరువు కట్టకు దిగువన ఉన్న ఇల్లు కొనాలనుకుంటున్నాము. 2021 నవంబరు వరదల్లో ఆ వీధిలోకి నీళ్లు వచ్చాయని పక్కింటివారు గోడ మీద మిగిలిన బురద చార చూపించారు. ముంపు సంగతి ఏ కాగితాలలో తెలుస్తుంది? బీమా ఇస్తారా?

జవాబు 1
అమ్మేవారి మాటకన్నా ఆ చారనే నమ్మండి. అమెరికాలో మాదిరిగా ప్రతి ఇంటికీ వరద మండలం నిర్ణయించి, దాన్నిబట్టి గృహరుణానికి బీమా తప్పనిసరి చేసే పద్ధతి మన దేశంలో లేదు కనుక, గ్రామ పటంలోనూ, ఒక్కో సర్వే నంబరు కొలతలు, హద్దులు గీసి చూపే ఎఫ్‌ఎంబీలోనూ ఆ సర్వే నంబరు పక్కన చెరువు, వాగు లేదా కాలువ పోరంబోకు ఉందేమో చూడాలి. చెరువు నిండితే మరవ (అలుగు) నీళ్లు ఏ దారిన పోతాయో, ఆ కాలువ ఇంకా తెరిచి ఉందో, ఇళ్ల కింద పూడిపోయిందో కార్తీకపు వానల్లో స్వయంగా నడిచి చూడడం అంతకన్నా ముఖ్యం.

జవాబు 2
బీమా ఉందండీ. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో వరద, తుపాను, ముంపు కలిసే ఉంటాయి. బీమా మొత్తాన్ని ఇల్లు తిరిగి కట్టే ఖర్చునుబట్టి లెక్కిస్తారు. స్థలం విలువ అందులో చేరదు. ఇంటి కట్టడానికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు ఇంటి సామానుకూ రక్షణ వస్తుంది. బ్యాంకు రుణంతోపాటు ఇచ్చే పాలసీ ప్రాణానికా, ఇంటికా అన్నది మాత్రం తప్పక చదవండి.

అడిగినవారు
కృతజ్ఞతలండీ. నీళ్లు వస్తే ముందుగా ఏం చేయాలి?

జవాబు 2
బురద కడగకముందే ఫొటోలు తీసి, వెంటనే కంపెనీకి తెలియజేయండి. నష్టం అంచనా వేయడానికి వచ్చే బీమా సర్వేయరు చూసేవరకు పాడైన సామాను పారేయకండి.